సరే అని నేను అనను

అమ్మలూ,

మొన్న నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పకుండా ఫోన్ మీ అమ్మకిచ్చేశానని అలిగావట. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో "అది కాదు నాన్నా" అని అందుకుంటావు, నేను చెప్పాలనుకున్నది గాల్లో కలిసిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఉద్యోగం మానేసి ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ, అంటే సముద్ర జీవుల చదువు, చదవనా అని ఇప్పటికి ఎంతమందిని అడిగావో లెక్క చూసుకున్నావా? మీ అమ్మని, పెదనాన్నని, బెంగళూరులో ఉన్న నీ ఫ్రెండ్‌ని, నీ టీమ్ లీడ్‌ని అడిగావు. చివరికి సంబంధం తెచ్చిన మధ్యవర్తిని కూడా అడిగావట. ఆయనేం చెబుతాడు పాపం, "అబ్బాయి వాళ్లతో ఒక మాట అనుకుని చెబుతానమ్మా" అన్నాడు! పెదనాన్న, ఆ మధ్యవర్తి తప్ప అందరూ చదువుకోమనే అన్నారు. అయినా నువ్వు అడగడం ఆపలేదు.

నాకు అర్థమైంది చెప్పనా? రేపు ఏదైనా తేడా కొడితే "నాన్నే వెళ్లమన్నాడు" అనుకోవడానికి నీకో మనిషి కావాలి. నేను సరే అంటే వెళ్లినందుకు బాధ్యుణ్ని నేను, వద్దంటే ఆగిపోయినందుకు బాధ్యుణ్ని నేను. ఎటైనా నీ చేతికి మట్టి అంటదు. కాబట్టి సరే అనను, వద్దనీ అనను. కోపం తెచ్చుకోకుండా మిగతాది చదువు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు. మా భూమి విశాఖ స్టీల్ ప్లాంటులో పోయింది, భూమి పోయినవాళ్లకిచ్చే ఆర్ కార్డు వచ్చింది. అన్నయ్య అప్పటికే పోర్టులో కుదురుకున్నాడు గనక కార్డు మీద ఉద్యోగం నాకొచ్చింది. నీకేమిష్టంరా అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. అయినా బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర మొదటిసారి ట్యాపింగ్ చూసినరోజు నాకిప్పటికీ గుర్తే. డ్రిల్లుతో రంధ్రం తెరవగానే దాదాపు పదిహేను వందల డిగ్రీల వేడిలో కరిగిన ఇనుము కాలువలో పడి పరుగెత్తింది. ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లెందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. ఆ పని మీద ఇష్టం అక్కడ మొదలైంది. సంక్రాంతి నాడు సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, పడినా విసుక్కోకుండా వెళ్లేవాణ్ని. అందుకే "నేను పుట్టిందే దీనికోసం" లాంటి మాటలు నాకు పెద్దగా ఎక్కవు. పని చేస్తుంటే కూడా ఇష్టం పుడుతుంది. రోగాలకీ వైద్యానికీ కోడ్‌లు వేస్తూ నువ్వు చేసే మెడికల్ కోడింగ్ మాత్రం తక్కువ పనా? బాతు కరిచినా దానికో కోడ్ ఉంటుందని చెప్పి మమ్మల్నందరినీ నవ్వించావు కదా.

నీ విషయంలో ఇష్టం ముందే పుట్టింది, అదే తేడా. ఒక వేసవి సెలవుల్లో జోడుగుళ్లపాలెంలో అత్తయ్యవాళ్లింట్లో ఉన్నప్పుడు ఏం చేశావో గుర్తుందా? గట్టుకి దగ్గర్లో ఉన్న ఒక నల్లరాయి పోటుకి ఎప్పుడు మునుగుతోందో రోజూ చూసి నోట్‌బుక్‌లో టైము రాసేదానివి. నేను వచ్చేసరికి పేజీ నిండింది. "నాన్నా, రోజూ దగ్గర దగ్గర యాభై నిమిషాలు లేటవుతోంది, అత్తయ్య గడియారం చెడిపోయిందా?" అన్నావు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన విని "చందమామ కూడా రోజూ లేటుగానే వస్తాడమ్మా" అన్నాడు. నువ్వు నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయావు. రాత్రి అన్నం తినకుండా మేడెక్కి కూర్చున్నావని అత్తయ్య తిట్టింది. ఆ నోట్‌బుక్ రాయడానికి నువ్వు ఎవర్నీ అడగలేదు. ఈ సంక్రాంతికి అప్పికొండ బీచికి వెళ్లినప్పుడూ అంతే. రాళ్లమధ్య గుంటలో ఏదో ముడుచుకుని ఉందని, అది విప్పుకునేదాకా కదలనని మోకాళ్లమీద కూర్చున్నావు. పులిహోర డబ్బా పట్టుకుని మీ అమ్మ ఎండలో నిలబడింది.

మా స్టీల్ ప్లాంటు విశాఖకి రావాలని 1966లో అమృతరావు గారనే ఆయన విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఎక్కడి గుంటూరు మనిషి, ఎక్కడి విశాఖపట్నం! రమ్మని ఆయనకెవరు కబురు పెట్టారు? (ఆ పోరాటంతో వచ్చిన ప్లాంటే మా పొలం తీసుకుంది, నాకు అన్నమూ పెట్టింది. ఈ లెక్క నాకిప్పటికీ తేలదు.) నిన్ను దీక్షలు చేయమనడం లేదులే, ఒక్కపూట తినకపోతేనే మీ అమ్మ ఊరుకోదు.

ఇక లెక్కల మాట. నీకు బీఎస్సీలో జువాలజీ ఉంది కాబట్టి పీజీ సీట్ల కోసం పెట్టే పీజీసెట్ పరీక్ష రాయొచ్చు. ఎమ్మెస్సీ రెండేళ్లు. ఆ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, దానికి వయసు పరిమితి ఉన్నా ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది. రాకపోతే కష్టమే. ఈ చదువుకి ఉద్యోగాలు తక్కువ, ఆ మాట దాచను. సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ల కేంద్రం, సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ల కేంద్రం రెండూ మన ఊళ్లోనే ఉన్నాయి. వెళ్లి అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడు. వెళ్లమంటారా అని అడగొద్దు, నెల గడవడం ఎలా ఉందని అడుగు. "చేపల చదువు చదివి హార్బర్‌లో అమ్ముతుందా" అని పెదనాన్న అన్నాడు. హార్బర్‌లో చేపలమ్మేవాళ్లు ఎంత తెలివిగా బేరం నడుపుతారో ఆయన ఎప్పుడూ చూడలేదు, వదిలెయ్.

ఇంట్లో ఉండి చదువుకుంటానంటే తిండికీ బస్సు పాసుకీ నా పెన్షన్ సరిపోతుంది. నీ లాప్‌టాప్ ఈఎమ్ఐ మాత్రం నువ్వే కట్టుకోవాలి. నీ పెళ్లికని వేసిన ఎఫ్‌డీ మీ అమ్మ పేరు మీద ఉంది. దాని జోలికి వెళ్లే ధైర్యం నాకు లేదు, నువ్వూ వెళ్లకు.

పీజీసెట్ ఫారం నింపేటప్పుడు "నింపనా నాన్నా" అని ఫోన్ చేయకు. నింపాక సెంటర్ ఎక్కడ పడిందో చెప్పు. రాజీనామా ఇస్తే నోటీసు పీరియడ్ ఎన్నాళ్లో చెప్పు, పైగదిలో ఉన్న పాత మంచం, ధాన్యం డ్రమ్ములు తీయించాలి. ఇవేవీ చేయదలుచుకోకపోతే అదీ చెప్పు. ఆ గది అద్దెకి అడుగుతున్నవాళ్లున్నారు.

మీ నాన్న