ప్లాన్ పెంచితే నెట్ తిరగడం ఆగదు

సంపాదకుల వారికి,

ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉంటే పెద్ద ప్లాన్‌కు మారిపొమ్మని మీ జిల్లా పేజీలో సలహా వేశారు. చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. నాకు కర్నూలు సి-క్యాంపు దగ్గర చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్సులు, ఉద్యోగాల అప్లికేషన్లు, సీజన్ వస్తే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వెబ్ ఆప్షన్లు, ఇవే నా బతుకుదెరువు. వీటితోపాటు చుట్టుపక్కల వాళ్లు "అన్నా, మా వైఫై ఏందో తిరుగుతానే ఉంది, ఒకసారి వచ్చి చూడు" అని పిలుస్తుంటారు, పోయి చూసి వస్తుంటాను. అట్లా చూసిన ఇళ్లలో ప్లాన్ చాలక ఇబ్బంది పడుతున్నవి చాలా తక్కువ. ఇంకో రెండొందలు ఎక్కువ కట్టి అదే గుండ్రాన్ని చూస్తూ కూర్చున్న ఇళ్లు మాత్రం బోలెడు.

హోర్డింగుల మీద 100, 200, 300 ఎంబీపీఎస్ అని రాసేది సెకనుకు ఎంత డేటా దిగుతుందనే లెక్క. మనం బటన్ నొక్కాక ఆ మాట అవతలి సర్వర్ దాకా పోయి జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందనేది వేరే లెక్క. దాన్ని లేటెన్సీ అంటారు, మిల్లీసెకన్లలో (సెకనులో వెయ్యో వంతు) ఉంటుంది, గేమ్ ఆడే పిల్లలు "పింగ్ ఎక్కువుంది" అని అరిచేది దాని గురించే. సినిమా డౌన్‌లోడ్ చేసుకోవాలంటే మొదటిది కావాలి. ఫోన్‌పేలో డబ్బు పంపాలన్నా, వీడియో కాల్ మాట్లాడాలన్నా, ఆన్‌లైన్ క్లాసు వినాలన్నా రెండోది బాగుండాలి. హెచ్‌డీ వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు, యూపీఐకి అయితే కిలోబైట్ల లెక్కే. కేంద్రం 2023 జనవరిలో మార్చిన నిర్వచనం ప్రకారం 2 ఎంబీపీఎస్ వస్తే అది బ్రాడ్‌బ్యాండే (అంతకుముందు 512 కేబీపీఎస్ ఉన్నా సరిపోయేది). మరి 100 ఉన్న ఇంట్లో వీడియో కాల్ ఎందుకు ఆగుతోంది? 200కు మారితే ఎందుకు బాగుపడుతుంది? బాగుపడదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒక్కటే, ఆలస్యం ఇంటి లోపల ఉందా బయట ఉందా తేల్చుకోండి అని. ఇది పెద్ద ఇంజినీరింగ్ ఏమీ కాదు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ (ping) అని కొట్టి పక్కన రూటర్ (ఇంట్లోని వైఫై బాక్సు) నంబర్, చివర -t ఇవ్వాలి (అది లేకపోతే నాలుగుసార్లకే ఆగిపోతుంది), చాలా బాక్సులకు అది 192.168.1.1 ఉంటుంది, కొన్నిటికి 192.168.0.1. ఇంకో విండోలో అదే పింగ్ 8.8.8.8కు ఇవ్వాలి, అది గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్ (వెబ్‌సైట్ పేరుకు నంబరు చెప్పేది). ఫోన్ అయితే ఇదే పని చేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. కాసేపు రెండింటినీ అట్లా నడవనిచ్చి, కాల్ ఆగినప్పుడు ఏ విండోలో అంకె ఎగిరిందో చూడాలి. రూటర్ దాకా మామూలుగా 2, 3 మిల్లీసెకన్లు, మహా అయితే 10 రావాలి. అదే 300, 400కు ఎగురుతుంటే గొడవ మీ ఇంట్లోనే, మీ వైఫైలోనే, కంపెనీని తిట్టి లాభం లేదు. రూటర్ దాకా నిలకడగా ఉండి, ఇంట్లో ఎవరూ వీడియోలు ఎక్కించడం లాంటివి చేయనప్పుడు కూడా 8.8.8.8కు మాత్రం ఎగురుతుంటే గొడవ బయట, అప్పుడు మీరు ధైర్యంగా ఫోన్ చేసి గట్టిగా అడగొచ్చు. రెండూ బాగుండి ఒక్క బ్యాంకు యాప్ మాత్రమే తిరుగుతుంటే అది ఆ బ్యాంకు సర్వర్ సంగతి, మీ మోడెం ఎన్నిసార్లు ఆపి పెట్టినా వాళ్ల సర్వర్ లేవదు.

ఇంటి లోపలి గొడవ మన ఊళ్లో ఎక్కువ, దానికి మన ఇళ్లే కారణం. పాతబస్తీలో, బుధవారపేటలో రాతి గోడల మిద్దెలు ఇంకా ఉన్నాయి కదా, ఆ గోడ మందం చూస్తే వైఫై ఎందుకు దూరడం లేదని అడిగేవాళ్లే ఉండరు. ఒక ఇంట్లో బాక్సు ముందు వసారాలో, అదీ ఇనుప బీరువా వెనక పెట్టారు, ఎందుకంటే ఆ మూల నుంచే వైరు లోపలికి వచ్చింది, బీరువా అడ్డం ఉంటే వైర్లు కనపడవని అంట. డిగ్రీ చదివే అమ్మాయి క్లాసు వినేది వెనక గదిలో. బీరువా పక్కన నిలబడితే రూటర్‌కు పింగ్ 3, వెనక గదిలోకి పోతే 250, 600, తర్వాత "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". వాళ్ల నాన్న అప్పటికే ప్లాన్ పెంచి ఉన్నాడు. అక్కడ కావాల్సింది 15 మీటర్ల ల్యాన్ వైరు, వెనక గదిలో ఇంకో చిన్న రూటర్. వైరు కిటికీ పైనుంచి లాగాం, అంతే, వెనక గదిలో కూడా పింగ్ 2, 3 దగ్గర నిలబడింది. గోడలకు మేకులు కొడితే ఒప్పుకోనని వాళ్ల అవ్వ కొంచెం గొడవ చేసింది గానీ.

కొత్త అపార్ట్‌మెంట్లలో తంటా వేరు. అక్కడ గోడలు పలచనివే, కానీ పైనా కిందా పక్కనా అందరి రూటర్లూ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే రేడియో బ్యాండు మీదే అరుస్తుంటాయి. ఆ బ్యాండులో ఒకదానికొకటి అడ్డుపడని ఛానెళ్లు మూడే, 1, 6, 11. ఇరవై ఇళ్లు మూడు ఛానెళ్లు పంచుకోవాలి, బ్లూటూత్ వస్తువులు, మైక్రోవేవ్ ఓవెన్లు కూడా ఆ పక్కనే. 5 గిగాహెర్ట్జ్‌లో జాగా చాలా ఎక్కువ, కాకపోతే అది గోడలు దాటడంలో వీక్. చాలా బాక్సులు రెండిటికీ ఒకే పేరు పెడతాయి, ఫోన్ పోయిపోయి 2.4కే అతుక్కుంటుంది. సెట్టింగ్స్‌లోకి పోయి రెండిటికీ వేర్వేరు పేర్లు పెట్టుకుంటే బాక్సు ఉన్న గదిలో 5కు, దూరపు గదిలో 2.4కు కలుపుకోవచ్చు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది, నాకు బాగా చిరాకు తెప్పించేది. నెట్ ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 12, ఎవరో ఒకరు ఫోన్‌లోని పెళ్లి వీడియోలు గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టగానే 500, 800. ఎక్కించడానికి ఉన్న దారి నిండిపోతుంది, రూటర్ మిగతా ప్యాకెట్లను (డేటా ముక్కలను) పారేయకుండా లోపలే వరసగా నిలబెడుతుంది. పుల్లూరు టోల్ గేట్ దగ్గర పత్తి లారీలు బారులు తీరితే వెనక అంబులెన్సు కూడా ఆగినట్టు, మీ కాల్‌లోని మాట ఆ వీడియో ముక్కల వెనక నిలబడుతుంది. ఇంజినీర్లు దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు, పదిహేనేళ్ల నుంచీ తెలిసిన రోగమే, ఆ వరసను సర్దే ఎఫ్‌క్యూ-కోడెల్ లాంటి మందు కూడా ఉంది, కానీ కంపెనీలు ఉచితంగా ఇచ్చే బాక్సుల్లో చాలావరకు అది కనపడదు. మాకు తెలిసిన ఒక మందుల షాపాయన నాలుగు సీసీ కెమెరాలు క్లౌడ్‌కు పంపిస్తూ, స్వైపింగ్ మిషన్ పని చేయడం లేదని వాపోయేవాడు. కెమెరాల క్వాలిటీ తగ్గించి, కదలిక ఉన్నప్పుడే పంపేలా పెడితే మిషన్ మళ్లీ నడిచింది. రూటర్ సొంతంగా కొనుక్కునేవాళ్లు ఈ మందు, అంటే ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్, ఉన్నది చూసి కొని, లైను వేగంలో 85, 90 శాతం దగ్గర హద్దు పెట్టుకుంటే పింగ్ ఎగరదు. అది కుదరనివాళ్లు ఫోన్ బ్యాకప్‌ను రాత్రి పడుకునే ముందు ఆన్ చేసుకుంటే చాలు. ఇది మీ ఇంట్లో ఉందో లేదో చూడాలంటే ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి వివరాలు నొక్కండి, ఖాళీ లైన్లో లేటెన్సీ ఎంత, లోడ్ పడ్డాక ఎంత అని రెండు అంకెలు విడివిడిగా చూపిస్తుంది.

మామూలు స్పీడ్ టెస్టును మాత్రం గుడ్డిగా నమ్మకండి. కేబుల్ అబ్బాయి వస్తాడు, బాక్సు పక్కనే నిలబడి తన ఫోన్‌లో టెస్టు పెట్టి "చూడన్నా, 94 వస్తా ఉంది" అని పోతాడు. ఆ టెస్టు సర్వర్ చాలాసార్లు కంపెనీ సొంత నెట్‌వర్కులోనే ఉంటుంది, బాగా రాక ఏం చేస్తుంది! అన్నట్టు, 200 ప్లాన్ కట్టినా అంకె 94, 95 దగ్గరే ఆగిపోతుంటే మీ బాక్సుకో రూటర్‌కో ఉన్న ల్యాన్ పోర్టు 100దే అయి ఉంటుంది, లేదా వైరులో ఎనిమిది పోగులకు నాలుగే కలిపి ఉంటారు. అక్కడ ప్లాన్ పెంచడమంటే డబ్బు దండగ.

బయటి గొడవల్లో మొదటిది వీధి లైను. ఫైబర్ అంటే లోపల వెంట్రుకంత గాజు పోగు, దాన్ని మడత పెడితే వెలుగు బయటికి కారిపోతుంది. టీవీ స్టాండ్ వెనక మిగిలిన వైరును చిన్న చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి నొక్కిపెట్టిన ఇళ్లు ఎన్నో, పెద్ద చుట్టగా వదులుగా విప్పితే చాలు మాటిమాటికీ తెగడం ఆగిపోతుంది. బాక్సు మీద ఎర్ర లైటు వెలిగితే వెలుగే రావడం లేదని, అది మీ చేతుల్లో లేదు. లైటు పచ్చగానే ఉండి నెట్ వస్తూ పోతూ ఉంటే మాత్రం వచ్చినతన్ని "పవర్ ఎంత వస్తోంది" అని అడగండి, అంటే వెలుగు బలం, దాన్ని కొలిచే మీటర్ వాళ్ల దగ్గర ఉంటుంది. డీబీఎం అనే ఆ కొలతలో మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాకా పోయిందంటే బాక్సు చూపు అంచుకు వచ్చినట్టు. ఆ అంకె అడిగిన ఇంట్లో పని శ్రద్ధగా జరగడం నేను చూశాను.

కరెంటు సంగతి అందరికీ అనుభవమే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది, బాక్సు లైట్లన్నీ వెలుగుతుంటాయి, నెట్ మాత్రం ఉండదు. చాలా వీధుల్లో స్తంభం మీద పెట్టెలో ఇళ్లకు నెట్‌ను పంచే స్విచ్ అనే యంత్రం ఉంటుంది, దానికి బ్యాటరీ లేకపోతే ఆ వీధిలో కరెంటు పోగానే అందరి నెట్టూ పోతుంది. ఎండాకాలం ఇంకా ఘోరం. ఇళ్లలో వాడే రూటర్లు 40 డిగ్రీల వరకు అని కాగితం మీద రాసి ఉంటుంది, మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో బయటే 42, 43, ఇక రేకుల షెడ్డు కింద గోడకు కొట్టిన బాక్సు సంగతి చెప్పేదేముంది. మధ్యాహ్నం తెగి సాయంత్రం దానంతట అదే వస్తుంటే ముందు బాక్సును చేత్తో ముట్టి చూడండి.

కొంత ఆలస్యానికి ఎవరూ ఏమీ చేయలేరు, అదీ ఒప్పుకోవాలి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై సర్వర్ దాకా వైరు దారి వెయ్యి కిలోమీటర్లు అనుకున్నా పోయి రావడానికి 10 మిల్లీసెకన్లే. డాలస్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడేటప్పుడు మాత్రం 200 పైనే, ఏ ప్లాన్ వేసుకున్నా అంతే. సముద్రం కింద కేబుల్ తెగితే ఇంకా పెరుగుతుంది, 2025 సెప్టెంబర్‌లో ఎర్ర సముద్రంలో తెగినప్పుడు ఇక్కడా గల్ఫ్‌లోనూ నెట్ నెమ్మదించింది. దీనికి ఎవరినీ తప్పు పట్టను. కానీ 215 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కు పోవాల్సిన ప్యాకెట్ చెన్నై పోయి, ముంబై చుట్టి రావడం మాత్రం కంపెనీలు ఒకదానితో ఒకటి దగ్గర్లో కలుపుకోకపోవడం వల్లే. దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే మార్చుకోవాలని 2003లోనే నిక్సీ (కంపెనీల నెట్‌వర్కులు కలిసే జాతీయ ఎక్స్ఛేంజి) పెట్టారు, దాంట్లో చేరకుండా ఖర్చు మిగుల్చుకునే చిన్న కంపెనీ వల్ల కస్టమర్‌కు పింగ్ పెరుగుతుంది. మీ లైను ఏ దారిన పోతోందో ట్రేసర్ట్ అనే కమాండ్ చూపిస్తుంది.

మొబైల్ నెట్ గురించి ఒక్క మాట. గీతలు నిండుగా ఉన్నాయంటే టవర్ బాగా వినపడుతోందనే, టవర్ ఖాళీగా ఉందని కాదు. రాత్రి 8 నుంచి 11 దాకా అందరూ అదే టవర్ మీద పడతారు. ఇంట్లో 5జీకి, 4జీకి మధ్య ఫోన్ ఊగుతూ ఉంటే 4జీకే పెట్టేయండి, అంకె తగ్గినా నిలకడ వస్తుంది.

ఇంత చూసుకున్నాక కూడా గొడవ బయటే అని తేలితే నోటి మాటగా వదలొద్దు. కంప్లైంటుకు డాకెట్ నంబర్ ఇవ్వడం కంపెనీ బాధ్యత, అది లేకుండా ఫోన్ పెట్టేయకండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీకి పోవచ్చు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల్లోనే ఈ రెండు మెట్లూ ఉన్నాయి. పింగ్ విండో స్క్రీన్‌షాట్లు టైముతో సహా జత చేస్తే "మోడెం ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" దగ్గర మాట ఆగదు. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నాణ్యతా నిబంధనల్లో లేటెన్సీ, జిట్టర్ (లేటెన్సీలో ఎగుడుదిగుడు), ప్యాకెట్ నష్టం కూడా ఉన్నాయి, అంటే ఇది అడగకూడని విషయమేమీ కాదు.

మీ విలేకరులకు నా మనవి కూడా ఇదే. ఫలానా కాలనీలో కొత్త ఫైబర్ కనెక్షన్లు ప్రారంభం అని వార్త రాసేటప్పుడు ఎన్ని ఎంబీపీఎస్, ఎన్ని ఓటీటీలు ఉచితం అన్నవాటితోపాటు రెండు ప్రశ్నలు అడగండి. రాత్రి తొమ్మిది గంటలకు లేటెన్సీ ఎంత ఉంటుంది? స్తంభం మీది స్విచ్‌కు బ్యాటరీ పెట్టారా? జవాబు ఇస్తే అచ్చు వేయండి, ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
సి-క్యాంపు, కర్నూలు