కార్క్ ఫ్లోరింగ్ వేసేముందు నేల తడి చూడాలి

సంపాదకులకు,

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మార్బుల్ మీద నడిస్తే కాళ్లు లాగేస్తున్నాయంటే పోయినేడు ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ఆమె గదికి కార్క్ ఫ్లోరింగ్ వేయించాం. అడుగు పెడితే మెత్తగా ఉంటుంది, చప్పుడు రాదు, అమ్మకు ప్రాణం లేచొచ్చింది. పోర్చుగల్‌లో ఒక రకం ఓక్ చెట్టును నరక్కుండా, సుమారు 9 ఏళ్లకోసారి బెరడు మాత్రం ఒలిచి దీన్ని చేస్తారట, అందుకే నాకు ఇంకా నచ్చింది.

కానీ వానలు మొదలయ్యేసరికి కిటికీ పక్క పలకలు అంచుల దగ్గర లేచిపోయాయి, సందులో గోరు దిగేంత. వేసినవాళ్లు డబ్బాలు దించిన రోజే పని కానిచ్చేశారు. నిజానికి గది గాలికి అలవాటుపడేలా కనీసం 48 గంటలు పలకల్ని అదే గదిలో ఉంచాలి, అవి ఉబ్బినా చోటుండేలా గోడల వెంట 10 మి.మీ. దాకా ఖాళీ వదిలి స్కర్టింగ్‌తో కప్పాలి. మనది సముద్రపు గాలి, కింది అంతస్తయితే నేలలోంచి కూడా చెమ్మ వస్తుంది. రెండడుగుల పాలిథిన్ షీటును నేల మీద పరిచి నాలుగు అంచులా టేపు వేసి ఒకరోజు వదిలేయండి, కింద నీటి బిందువులు కనిపిస్తే ఆ పని ఆపేయాలి.

జిగురు లేకుండా ఒకదాని అంచులో ఒకటి బిగించే క్లిక్ పలకల్లో చాలావాటికి మధ్యలో చెక్కపొడి బోర్డు ఉంటుంది, తడికి ఉబ్బుతుంది. జిగురుతో అతికించే పూర్తి కార్క్ పలకలు వేసి, పైన తడి దిగకుండా కాపాడే పాలీయురేథేన్ అనే వార్నిష్ పూత పూయించడమే మన ఊరికి మేలని నా అభిప్రాయం. ఎండ పడేచోట రంగు వెలుస్తుంది, కర్టెన్లు తప్పనిసరి. అమ్మే షాపులవాళ్లు ఇవన్నీ ముందే చెప్పాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం