గర్భిణుల బీపీ, గుర్రపువాతం: సభ్యులకు ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు, ఆశాలు, ల్యాబ్ టెక్నీషియన్లు, కొందరు డాక్టర్లు కలిసి నడుపుకుంటున్న సంఘం మనది. ఈ ఏడాది పెట్టుకున్న పని ఒక్కటే: ప్రీ-ఎక్లాంప్సియా. 20 వారాలు దాటిన గర్భిణికి బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు ఇది. పెద్దవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్స్ దీని ముదిరిన రూపమే. ఎన్ని ఊళ్లు తిరిగాం, ఎందరికి బీపీ చూశాం అన్న అంకెలు ఈసారి వేయడం లేదు. తప్పుగా చూసిన బీపీని ఎన్ని వేలసార్లు చూసినా దండగే కనుక, చూడటం ఎలా జరుగుతోందన్న దాని మీదే ఈ నివేదిక. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం.

పట్టీ, గేజీ, చేయి

ఏడాదిలో సగం బీపీ చూసే పద్ధతి దగ్గరే గడిచింది. రిజిస్టర్ తిరగేస్తే 120/80, 110/70 వరసగా కనిపిస్తే అనుమానించాలి. అంకెలన్నీ సున్నాతో ముగిశాయంటే ముల్లు ఆగిన చోటు చూడకుండా దగ్గరున్న పదికి రాసేశారన్నమాట. గేజీలో, అంటే ముల్లుతో బీపీ చూపే పరికరంలో, గీతకూ గీతకూ మధ్య 2 మిల్లీమీటర్లు ఉంటుంది. కింది బీపీ 94 వస్తే 90 అనీ, 84 వస్తే 80 అనీ రాస్తే, నెలనెలా పెరుగుతున్న తీరు కార్డులో కనబడకుండా పోతుంది.

జాకెట్టు చేయి పైకి మడిచి దాని కింద బీపీ పట్టీ చుట్టడం చాలాచోట్ల ఉన్న అలవాటే. బిగుతుగా మడిచిన గుడ్డ దండకు (మోచేతి పైభాగానికి) ఇంకో పట్టీలా పట్టేస్తుంది. పలుచటి గుడ్డయితే దానిమీదే చుట్టొచ్చు. బిగుతు జాకెట్టయితే చేయి బయటికి తీయించాలి, అందుకు చాటు కావాలి. చాటు లేదని వదిలేయకండి, పాత చీర, రెండు మేకులు ఉంటే సరిపోతుంది. దండ చుట్టుకొలత 33 సెంటీమీటర్లు దాటితే పెద్ద పట్టీ వాడాలి. చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

ఎండన నడిచొచ్చిన మనిషిని వెంటనే చూడొద్దు. 5 నిమిషాలు కూర్చోనివ్వండి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. గాలిని సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున వదలాలి. చప్పుడు మందగించిన చోట కాదు, పూర్తిగా ఆగిన చోట కింది బీపీ రాయాలి. వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు పెద్ద సిరమీద పడి బీపీ తగ్గొచ్చు. ఎడమ పక్కకు తిప్పి పైన ఉండే కుడిచేతికి చూసినా తక్కువే వస్తుంది, ఆ చేయి గుండెకన్నా పైన ఉంటుంది గనుక. ‘కూర్చుంటే ఎక్కువొచ్చింది, పక్కకు పడుకోబెడితే నార్మల్ అయింది’ అనుకోవడం దీనివల్లే. నార్మలేమీ కాలేదు, చేయి పైకి లేచింది, అంతే.

గేజీలను పాదరసం పరికరంతో పోల్చి చూసే పని కూడా చేశాం. వై ఆకారపు గొట్టంతో రెంటినీ కలిపి, గాలి కొట్టి, 60, 90, 120, 160 దగ్గర ఆపి చూడాలి. ఎక్కడైనా 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే రిపేరుకు పంపాలి. ముల్లు సున్నా దగ్గర నిలిచిందని గేజీ బాగున్నట్టు కాదు. డిజిటల్ మిషన్ కొనేవాళ్లు గర్భిణుల్లో, ముఖ్యంగా ఈ జబ్బున్నవాళ్లలో, పరీక్షించి చూసినదేనా అని అడగాలి. మామూలు డిజిటల్ మిషన్లు చాలావరకు ఈ జబ్బులో ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి.

140/90 వస్తే 4 గంటల తర్వాత మళ్లీ చూడాలి. 160/110 వస్తే అంతసేపు ఆగేది లేదు: 15 నిమిషాల్లో మళ్లీ చూసి, నిజమైతే గంట లోపు మందు పడాలి.

మూత్ర పరీక్ష

మూత్రంలో ప్రోటీన్ చూసే స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి కిటికీలో పెట్టడం వల్లే సగం స్ట్రిప్పులు పాడవుతున్నాయి. తేమ తగిలితే రంగు సరిగా మారదు. మధ్యధార మూత్రం పట్టించి, స్ట్రిప్పు ముంచి, అంచు తుడిచి, డబ్బామీద రాసినంతసేపు, సాధారణంగా 60 సెకన్లు, ఆగి రంగు పోల్చాలి. తెల్లబట్టగానీ రక్తంగానీ కలిస్తే లేని ప్రోటీన్ ఉన్నట్టు వస్తుంది. బాగా నీళ్లు తాగి వచ్చిన మనిషికి ఉన్నది కూడా కనబడకపోవచ్చు.

స్ట్రిప్పులు అయిపోయినచోట పాత వేడి పరీక్షే నేర్పాం. టెస్ట్ ట్యూబులో మూడింట రెండొంతులు మూత్రం పోసి పై భాగాన్నే కాచాలి. తెల్లగా మురికి కట్టితే అసిటిక్ యాసిడ్ రెండు మూడు చుక్కలు వేయాలి. మురికి కరిగిపోతే ఫాస్ఫేట్లు, నిలిచిపోతే ప్రోటీన్. చుక్కలు వేయకుండానే పాజిటివ్ రాసేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఇంకో మాట. ప్రోటీన్ లేదని ఊరుకోకూడదు. బీపీ పెరిగి, దానితోపాటు తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, రొమ్ముల కింద కుడివైపు నొప్పి, లేదా ప్లేట్‌లెట్లు లక్షకన్నా తక్కువ ఉంటే అది ఈ జబ్బే. ‘కడుపుతో ఉంటే కాళ్లకు నీరు మామూలే’ అనే మాటలో సగం నిజముంది, వాపొక్కదానితో జబ్బని తేల్చలేం. అయితే వాపు కనిపించిన ప్రతిసారీ బీపీ చూడాల్సిందే. నీరు దిగాలని ఉప్పు మాన్పించడం, నీళ్లు తగ్గించడం మాత్రం ఆపించండి. దానివల్ల మేలేమీ లేదు.

చదివిన పరిశోధనలు

జబ్బుకు మూలం మాయలో (ప్లాసెంటాలో) ఉంటుంది. మాయకు రక్తం తెచ్చే నాళాలు మొదటి నెలల్లోనే వెడల్పు కావాలి. కాకపోతే మాయ నుంచి కొన్ని ప్రోటీన్లు తల్లి రక్తంలోకి ఎక్కువగా చేరి నాళాలను దెబ్బతీస్తాయి. వాటిలో ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్ పాత్రను 2003లో పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం చూపించింది. దాని మీద వచ్చిన రక్తపరీక్షలు ఖరీదైనవి, సబ్ సెంటర్ స్థాయివి కావు, కాబట్టి మనం ఎక్కువసేపు ఆగలేదు.

నాళాలు తయారయ్యేది మొదట్లోనే కనుక, ఈ జబ్బు రాకుండా ఇచ్చే ఆస్ప్రిన్ కూడా మొదట్లోనే పడాలి. 2017లో వచ్చిన ఆస్ప్రీ అధ్యయనంలో ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రాత్రిపూట 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాల లోపు వచ్చే జబ్బు 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఇది అందరికీ పంచే మాత్ర కాదు. పోయిన కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్లు, కవలలు మోస్తున్నవాళ్లు, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల పేర్లు మూడో నెలలోనే డాక్టరు ముందుకు పోవాలి, మోతాదు డాక్టరే రాయాలి. మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటపెట్టని ఇళ్లలో ఈ గడువు దాటిపోతోంది. ఆశాలు ఎక్కువ తిరగాల్సింది ఇక్కడే.

కాల్షియం సంగతి. బెంగళూరులోనూ టాంజానియాలోనూ ఒక్కోచోట 11,000 మంది తొలిచూలు గర్భిణులతో చేసిన అధ్యయనం 2024లో అచ్చయింది. ఈ జబ్బును ఆపడంలో రోజుకు 500 మిల్లీగ్రాములు 1,500కు తీసిపోదని తేలింది. రోజుకు రెండు మాత్రలిచ్చే మన కార్యక్రమానికి ఇది ఊరట. ఐరన్ మాత్రతో కలిపి మింగితే ఐరన్ ఒంటబట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం అన్నం తిన్నాక, ఐరన్ రాత్రి పడుకోబోయే ముందు అని చెబితే గుర్తుంటుంది. ఐరన్ చాయ్‌తో వేసుకోవద్దని కూడా చెప్పండి.

మనకు బాగా పనికొచ్చింది నాగ్‌పూర్‌లో రెండు ప్రభుత్వ దవాఖానల్లో చేసి 2019లో వెలువరించిన అధ్యయనం. బీపీ బాగా పెరిగిన 894 మందికి నోటిమాత్రలే ఇచ్చారు. 6 గంటల్లో ఏ చెరుపూ లేకుండా బీపీ అదుపులోకి వచ్చింది నిఫెడిపిన్‌తో 84 శాతం మందికి, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76 శాతం మందికి. నరంలోకి ఎక్కించే (ఐవీ) మందు లేదని ఊరికే పంపించేయడానికి సాకు లేదన్నమాట. నిఫెడిపిన్‌ను గుచ్చి నాలుక కింద పిండే పాత అలవాటు మాత్రం వద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే బిడ్డకు రక్తం అందదు.

కర్ణాటకలో బెళగావి, బాగల్‌కోట్ జిల్లాల్లోనూ, పాకిస్తాన్, మొజాంబిక్‌లలోనూ ఆశా స్థాయి కార్యకర్తలతో గర్భిణుల బీపీ చూయించిన క్లిప్ అధ్యయనాల్లో మొత్తంమీద తేడా రాలేదు. మనలో కొందరు నీరుగారిపోయారు. కానీ ఎనిమిది సార్లు, అంతకన్నా ఎక్కువ చూయించుకున్నవాళ్లలో ఫలితం మెరుగ్గా కనిపించింది. నాలుగుసార్లు చూసి కార్డు నిండిందనుకుంటే చాలదు. ఎనిమిదో నెల తర్వాత ఎడం తగ్గించాలి.

మెగ్నీషియం

ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్‌ను మించిన మందు లేదు. 33 దేశాల్లో 10,141 మందితో చేసి 2002లో అచ్చయిన మ్యాగ్‌పై అధ్యయనంలో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది. పెద్ద దవాఖానకు పంపేముందు ఏఎన్ఎం ఇచ్చే మొదటి డోసు 10 గ్రాములు: ఒక్కో పిరుదులో 5 గ్రాములు, లోతైన కండలోకి. 50 శాతం ద్రావణం 2 మిల్లీలీటర్ల అంపూల్‌లో 1 గ్రాము ఉంటుంది, అంటే పక్కకు ఐదు, మొత్తం పది అంపూళ్లు. విరగ్గొట్టే ముందు ప్రతిదాని మీదా 50 శాతం అని ఉందో లేదో చదవాలి. 25 శాతం అంపూళ్లు కలిస్తే పడేది సగం డోసే. పది అంపూళ్లు, రెండు 10 మిల్లీలీటర్ల సిరంజీలు, పొడవు సూదులు ఒకే కవర్లో కట్టి ఉంచమని అందుకే పట్టుబట్టాం. ఫిట్స్ వస్తుంటే ఏరుకుంటూ కూర్చోలేం.

దవాఖానలో తర్వాతి డోసుకు ముందు మూడు చూడాలి: మోకాలి కింద తడితే కాలు కుదుపుతోందా, ఊపిరి నిమిషానికి 16 తగ్గకుండా ఉందా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లు వస్తోందా. ఏ ఒక్కటి లేకున్నా డోసు ఆపాలి. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ 10 శాతంది 10 మిల్లీలీటర్లు, నిదానంగా నరంలోకి. అది మంచం పక్కనే ఉండాలి, స్టోరు తాళం వెనక కాదు.

కాన్పుతో జబ్బు ఆ క్షణమే పోదు. బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య మళ్లీ పెరుగుతుంది, బాలింత ఇంటికి చేరేది సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో ఇంటికి పోయి చూడండి. ఈ జబ్బున్నవాళ్లకు కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి మెథర్జిన్ ఇవ్వకూడదు, ఆక్సిటోసిన్ ఇవ్వాలి.

వలసలు

పాలమూరు వైపు సభ్యులు ఎక్కువగా ఎత్తింది వలసల మాటే. ఆరో నెలలో మేస్త్రీ వెంట పుణెకో హైదరాబాదుకో పోయిన మనిషి తొమ్మిదో నెలలో వస్తే మధ్యలో ఏం జరిగిందో తెలియదు. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) వెంట పంపాలి, ఇంట్లో సందూకులో పెట్టొద్దని చెప్పాలి. కార్డు లోపలి అట్టమీద చివరి బీపీ, తేదీ, నెలలు, ఆస్ప్రిన్ వాడుతోందో లేదో పెద్దక్షరాల్లో రాసే పద్ధతి మొదలుపెట్టాం. 108లో ఎక్కించేటప్పుడు మెగ్నీషియం ఎన్ని గంటలకు, ఎంత ఇచ్చారో కూడా చీటీ మీద రాయాలి. రాయకపోతే అవతల డ్యూటీ డాక్టరు రెండోసారి మొదటి డోసు ఇచ్చేసే ప్రమాదముంది.

వచ్చే ఏడాదికి

పెద్ద పట్టీలు, వై గొట్టాలు సంఘం డబ్బుతో కొనాలని కార్యవర్గం తీర్మానించింది. అవి జిల్లాకు ఒకరి దగ్గర ఉంటాయి, తీసుకున్నవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టాలి. ప్రతి నెలా 9వ తేదీ గర్భిణుల పరీక్షల రోజు కాబట్టి పోల్చి చూసేందుకు తీసుకెళ్లిన గేజీలు 8వ తేదీకల్లా తిరిగి సెంటర్లకు చేరాలి. చందా బకాయి ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశం లోపు కట్టండి.