వలిసె పూల తేనె ఆలస్యం గురించి మా వివరణ

మా దగ్గర తేనె కొంటున్న వారందరికీ నమస్కారం.

అరకు లోయ వలిసె పూల తేనెను నవంబరు నెలాఖరుకల్లా పంపుతామని చెప్పి ముందుగానే సొమ్ము తీసుకున్న మేము, డిసెంబరు సగం గడిచినా ఒక్క సీసా కూడా పంపలేకపోయాం. అందుకు క్షమించమని కోరుతూ, జరిగింది దాచకుండా తెలియజేస్తున్నాను.

వలిసె చేలు నిండుగా పూసిన రోజుల్లోనే ముసురు పట్టి, వారం పాటు తేనెటీగలు పెట్టెలు దాటి బయటికి రాలేదు. ఆ తరువాత జరిగిన తప్పు మాత్రం వానది కాదు, నాది. తెరిపి ఇవ్వగానే, గడువు దాటిపోతోందన్న తొందరలో, మా 40 పెట్టెలలో 12 పెట్టెల తేనె తీసేశాను. ఈగలు మకరందంలోని నీటిని రెక్కలతో విసిరి ఆవిరి చేసి, అది చిక్కబడిన తరువాతే గదులకు మైనపు మూత వేస్తాయి కనుక, పెట్టెలో అవి తేనెపట్టు కట్టే చట్రంలో కనీసం ముప్పాతిక వంతు గదులు మూతపడే వరకు ఆగాలన్నది ఈ పనిలో మొట్టమొదట నేర్చుకునే సంగతి. నేను తీసిన చట్రాలలో సగానికి పైగా గదులు తెరిచే ఉన్నాయి. రిఫ్రాక్టోమీటరుతో చూస్తే తేమ 23 శాతం తేలింది. ఆహార ప్రమాణాల ప్రకారం మామూలు తేనెలో అది 20 శాతం దాటరాదు. దాటితే సీసాలోనే పులిసి నురగ కడుతుంది. కాచి తేమ తగ్గించే మార్గం లేకపోలేదు గానీ, కాచని పచ్చి తేనె అని చెప్పి అమ్ముతూ ఆ పని చేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ 31 కిలోలను పులియకముందే నీళ్లు కలిపి అవే పెట్టెలకు తిరిగి మేతగా పెట్టాను, అదీ చీకటి పడ్డాక, ఎందుకంటే పగటిపూట పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

మిగిలిన 28 పెట్టెలలో మూతలు పూర్తిగా పడేవరకు ఆగి, గత వారం తీసిన తేనె 84 కిలోలు. దాని తేమ 19 శాతం. ఇంకొంత తీయవచ్చు కదా అని ఇంట్లోవారే అడిగారు. మావి పుట్ట తేనెటీగలు. వలిసె పూత అయిపోయాక వచ్చే కరువు రోజులకు నిల్వ మిగల్చకపోతే, ఆకలికి పెట్టె ఖాళీ చేసి లేచిపోతాయి. అందుకే పెట్టెకు రెండు చట్రాలు ముట్టుకోలేదు.

మీరంతా కలిసి అడిగినది 130 కిలోలు. కాబట్టి కిలో, అంతకు తక్కువ అడిగినవారికి పూర్తిగా, ఎక్కువ అడిగినవారికి కిలో చొప్పున సోమవారం నుంచి పంపుతాం. మిగతా సొమ్మును అదే వారంలో మీ ఖాతాలకు తిరిగి జమ చేస్తాం. ఆలస్యం వల్ల అసలు వద్దనుకునేవారికి మొత్తం వాపసు ఇస్తాం.

మరొక మాట. వలిసె తేనె త్వరగా గడ్డకడుతుంది, చలికాలంలో మరీను. నిరుడు ఒకరు చక్కెర పాకం పంపారని కోపగించుకున్నారు, ఆ అనుమానం సహజమే. గడ్డకట్టిన సీసాను చేయి పెట్టగలిగినంత గోరువెచ్చని నీటిలో ఉంచితే కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి.