అప్పు తీరుస్తున్న ఇంట్లోనూ కొంత నిల్వ ఉండాలి

సంపాదకులకు,

నమస్కారాలు.

అప్పులున్నవారు ముందు వాటన్నిటినీ తీర్చివేసి, ఆ తర్వాతే పొదుపు సంగతి ఆలోచించాలన్న సలహా ఈ మధ్య పత్రికల్లోనూ టీవీల్లోనూ తరచుగా వినవస్తోంది. వడ్డీ లెక్క ఒక్కటే చూస్తే దాన్ని కాదనలేము. బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో నూటికి మూడు రూపాయలు రావాలంటే సాధారణంగా ఏడాదికి పైగానే ఆగాలి. మన ఊళ్లలో ప్రోనోటు మీద తెచ్చిన అప్పుకు అదే మూడు రూపాయలు ఒక్క నెలకే కట్టాలి. అయినా ఆ సలహాను అక్షరాలా పాటించిన ఇళ్లు రెండో ఏడాదికి మళ్లీ అప్పులోనే ఉండడం బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నన్నాళ్లూ చూశాను, రిటైరై టంగుటూరులో డ్వాక్రా సంఘాలకు పుస్తకాలు రాసిపెడుతున్న ఇప్పుడూ చూస్తున్నాను. అప్పు తీర్చడం, చేతిలో కొంత నిలవ ఉంచుకోవడం ఒకదాని తర్వాత ఒకటి కాక, రెండూ కలిసి నడవాలన్నది నా అభిప్రాయం. బ్యాంకు రుణం ఉన్న డ్వాక్రా సంఘాలను తమ పొదుపు డబ్బు తీసుకోనివ్వని కొన్ని శాఖల అలవాటు దానికి అడ్డుపడుతోంది, దాన్ని అధికారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆటో నడుపుకునే కుటుంబం ఒకటి ఉందనుకుందాం. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అరవై వేల అప్పు ఉంది. తిండి, బియ్యం, కరెంటు, పిల్లల ఖర్చులు పోను నెలకు 6,000 మిగులుతున్నాయి. ఆ మొత్తాన్నీ అప్పుకే జమ చేస్తే సుమారు ఏడాదికి తీరిపోతుంది. 5,000 అప్పుకు కట్టి వెయ్యి పక్కన పెడితే పదిహేను నెలలు పడుతుంది, వడ్డీ దాదాపు మూడు వేలు అదనంగా పోతుంది. ఆ మూడు వేలకు బదులుగా అప్పు తీరేనాటికి ఆ ఇంట్లో 15,000 రూపాయలు సొంతంగా ఉంటాయి. మధ్యలో పిల్లవాడికి డెంగీ జ్వరం వచ్చినా, ఆటో ఇంజను మరమ్మతుకు వచ్చినా ఎవరి గడపా తొక్కవలసిన పని ఉండదు.

అంత అవసరం వస్తే అప్పు ఇచ్చిన ఆయనే మళ్లీ అదే వడ్డీకి ఇస్తాడు కదా, మూడు వేలు ఊరికే పోగొట్టుకోవడం దేనికని అడిగేవారుంటారు. ఇస్తే మంచిదే. కానీ ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఫోను చేసేవాడికి బేరమాడే వీలుండదు. ఆయన కాదంటే తర్వాత కనిపించేది డైలీ ఫైనాన్సు. పదివేలని రాసుకుని వెయ్యి ముందే కోసి, తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా అనిపిస్తుంది గాని, అసలు రోజురోజుకూ తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే ఆ వడ్డీ నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. ఫోన్లో నిమిషాల మీద ఇచ్చే యాప్ అప్పుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఫోన్లోని నంబర్లు, ఫొటోలు చూసే అనుమతి అటువంటి యాప్‌లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పినా, దొంగ యాప్‌లకు ఆ మాట పట్టదు.

మన ప్రాంతపు చేతి అప్పులో ఇంకొక చిక్కు ఉంది. పుస్తకాల్లో చెప్పినట్టు ప్రతి నెలా అసలు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవడానికి చాలామంది షావుకార్లు ఒప్పుకోరు. వడ్డీ మాత్రం నెలనెలా పుచ్చుకుంటారు, అసలు ఇస్తే మొత్తం ఒక్కసారే ఇమ్మంటారు. వడ్డీ కూడా కట్టలేనివారికి నోటు గడువైన మూడేళ్లు దగ్గర పడగానే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, మూడేళ్లపాటు ఏమీ కట్టకపోతే కొత్త నోటులో 1,72,000 అవుతుంది. ఇంకో మూడేళ్లు అలాగే గడిస్తే 2,95,840 అవుతుంది. కాబట్టి అసలు కోసం ఎలాగూ డబ్బు కూడబెట్టక తప్పనప్పుడు, దాన్ని ఇంట్లో బియ్యం డబ్బాలో కాకుండా విడిగా ఒక ఖాతాలో వేసుకుంటే, అప్పు తీరేదాకా అదే ఆపద నిధిగా కూడా ఉపయోగపడుతుంది.

అసలులో కొంత పుచ్చుకోవడానికి ఒప్పుకునే షావుకారు దొరికితే అంతకన్నా మేలు లేదు. అయితే నోటు వెనక చెల్లు రాసేటప్పుడు ఒక్క విషయం గమనించాలి. తేదీ వేసి, ఇంత మొత్తం చెల్లు అని రాసి, కింద సంతకం పెట్టించుకునేది బాకీదారు చేతనే. ఆ సంతకంతో ఆనాటి నుంచి మరో మూడేళ్ల గడువు నోటు పట్టుకున్నవారికి వస్తుంది. కట్టినవారి చేతికి మాత్రం ఏ కాగితమూ రాదు. అందుకని ఇచ్చిన ప్రతిసారీ రశీదు అడగాలి. అడగడానికి మొహమాటమైతే కనీసం బ్యాంకు ఖాతా నుంచి పంపాలి, నోటు వెనక వైపును ఫోనులో ఫొటో తీసుకోవాలి. పుస్తకాలు పట్టుకుని నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే.

ఇంట్లో బంగారం ఉంచుకుని మూడు రూపాయల వడ్డీ కట్టేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బ్యాంకులో తాకట్టు పెడితే నూటికి నెలకు రూపాయి లోపు వడ్డీతో పోతుంది. అదే అరవై వేలకు నెలకు 1,800 కట్టే చోట 600 లోపు కడితే, మిగిలిన 1,200లోనే అసలుకు కొంత, నిలవకు కొంత సర్దవచ్చు. బంగారం అప్పులో కూడా చేతికి డబ్బు వచ్చినప్పుడల్లా కొంత కొంత జమ చేసుకోవడానికి చాలా బ్యాంకుల్లో వీలుంది. ఏడాది చివర వడ్డీ కట్టి తిరగరాయడం తప్ప వేరే దారి లేదని ఎక్కువమంది అనుకుంటున్నారు, కౌంటరులో ఉన్నవారూ చెప్పరు. అయితే ఇంట్లో ఉన్న చివరి గొలుసు దాకా తాకట్టు పెట్టడం నాకు సమ్మతం కాదు. విడిపించి ఉన్న కాస్త బంగారం కూడా ఆపదకు ఆదుకునే నిలవే.

నిలవ ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఆరు నెలల ఖర్చు అని చెప్పే సూత్రం నెల జీతగాళ్ల కోసం పుట్టింది. మూడు రూపాయల వడ్డీ కడుతున్న ఇంటిని ఆరు నెలల ఖర్చు దాచమనడం అన్యాయం కూడా. అప్పు నడుస్తున్నంతకాలం పది, పదిహేను వేలు చాలు. ఒక చిన్న జబ్బుకో, ఆగిపోయిన బండికో, పది రోజుల పని నష్టానికో సరిపోతే అంతకు మించినదంతా అప్పుకే పోవాలి. ఆ డబ్బు ఫోన్‌పేకు కలిపిన ఖాతాలో ఉండకూడదు. విడిగా పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసుకుంటే ఏడాదికి నాలుగు శాతం వడ్డీ వస్తుంది, కావలసినప్పుడు తీసుకోవచ్చు. చీటీలో కట్టిన డబ్బు ఈ పనికి రాదు. మనకు అవసరమైన నెలలోనే ఇంకొకరికీ అవసరమైతే పాట ఎక్కడికో పోతుంది, రిజిస్ట్రేషన్ లేని చీటీ అయితే అసలుకే భరోసా ఉండదు.

వస్తుందని ముందే తెలిసిన ఖర్చును ఆపద అనడం కూడా తప్పు. సముద్రంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుందని కొత్తపట్నం తీరంలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. జూన్‌లో బడి ఫీజులు ఉంటాయి. పొగాకు రైతుకు వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడైనప్పుడే డబ్బు కనిపిస్తుంది, మిగిలిన నెలలు అందులోంచే గడవాలి. ఇవన్నీ నెలవారీ లెక్కలో వేరే పద్దుగా ఉండవలసినవి. వీటిని ఆపద నిధిలోంచి తీస్తే, చీమకుర్తి క్వారీలో చెప్పా పెట్టకుండా పని ఆగిన నాడు అందులో ఏమీ మిగలదు. ఇంటి పెద్ద పోయినప్పుడు వచ్చే కష్టానికి ఏ నిలవా చాలదు కాబట్టి ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా వయసున్న వారందరూ బ్యాంకులో రాయించుకోవాలి. మే చివర ఆ డబ్బు పట్టడానికి ఖాతాలో నిలవ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. ఆపదకు పనికివచ్చే డబ్బు మన జిల్లాల పేద ఆడవాళ్ల దగ్గర లేదనడం సరికాదు. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో ఊరూరా పాకి, సారాకు పోయే డబ్బు మిగిలాక, రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఆ జిల్లాలోనే వేల సంఖ్యలో పుట్టాయి. ఆ రూపాయి దాచింది ఏ ఇంట్లోనైనా అవసరం పడితే షావుకారు దగ్గరకు పోకుండా సంఘంలోనే చేబదులు తీసుకోవడానికి. ఇవాళ పదిమంది సభ్యులున్న సంఘం మనిషికి నెలకు 200 చొప్పున వేసుకున్నా ఐదేళ్లకు వడ్డీ కాక 1,20,000 అవుతుంది. సంఘాలు పాటించవలసిన పంచ సూత్రాలలో క్రమం తప్పని అంతర్గత అప్పులు కూడా ఒకటి.

జరుగుతున్నది వేరు. సంఘానికి బ్యాంకు రుణం మంజూరైన నాటి నుంచి పొదుపు ఖాతాలో డబ్బు కదలనివ్వని శాఖలు ఉన్నాయి. సభ్యురాలి ఆపరేషనుకు ఇరవై వేలు కావాలని సంఘం తీర్మానం రాసుకుని, లీడర్లిద్దరూ పుస్తకం పట్టుకుని వెళితే, ‘లోను తీరేదాకా అది తీయడానికి లేదమ్మా’ అన్న జవాబు వస్తుంది. కాగితం మీద రాసి ఇమ్మంటే ఇవ్వరు. ఆ సభ్యురాలు అటు నుంచి అటే మూడు రూపాయల వడ్డీకి వెళుతుంది. తన సొంత డబ్బు బ్యాంకులో మూడు శాతం లోపు వడ్డీకి పడి ఉండగా, ఏడాదికి ముప్పై ఆరు శాతం బయట కడుతుంది.

రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఉన్నాయి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సంఘాలకు ఇచ్చే పది లక్షల లోపు రుణాలకు హామీ గానీ మార్జిన్ (సంఘం సొంతంగా పెట్టవలసిన వాటా) గానీ అడగకూడదు, సంఘం సేవింగ్స్ ఖాతా మీద లియన్ (అప్పు కింద డబ్బు తీయనివ్వకుండా ఆపి ఉంచడం) వేయకూడదు, రుణం ఇచ్చేటప్పుడు డిపాజిట్ చేయమని పట్టుబట్టకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. మంజూరు చేసిన అధికారికి వసూలు భయం ఉంటుందని నాకు తెలుసు, ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. కానీ వాయిదా కట్టవలసిన మనిషిని బయటి వడ్డీలోకి తోస్తే ఆ వాయిదా కూడా ఆగిపోతుంది గాని బ్యాంకుకు వచ్చే భద్రత ఏమీ లేదు.

సంఘాలు కూడా నోటిమాట జవాబుతో తిరిగి రాకూడదు. తీర్మానం నకలు జతచేసి మేనేజరుకు అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఎలా పంపాలో చెబుతారు.

కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో రుణ లక్ష్యాలు ఎంత పూర్తయ్యాయన్న లెక్కతో పాటు, ఏ శాఖలో ఎన్ని సంఘాల పొదుపు ఖాతాలు కదలకుండా ఆగి ఉన్నాయన్న లెక్క కూడా అడగాలని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. లియన్ వేయకూడదన్న నిబంధనను తెలుగులో రాసి ప్రతి శాఖ నోటీసు బోర్డు మీద, ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన ప్రతి గ్రామ సమాఖ్య కార్యాలయంలోనూ అంటించాలని కూడా నా విన్నపం.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
టంగుటూరు, ప్రకాశం జిల్లా.