కండ్లు జర పైలం బిడ్డా

చిన్నీ,

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. నీ ఫోన్ రాక పద్దెనిమిది రోజులైంది, గాని నేను దాని గురించి రాస్తలేను, పనిల ఉంటవని తెల్సు. ఊకెనే రాస్తున్న. కుషాయిగూడల వాన మస్తు పడుతుంది, కరివేపాకు చెట్టు మళ్ళ చిగురేసింది, మీ అమ్మ మోకాలు అట్లనే ఉంది.

మొన్న తొట్టెల ఫంక్షన్‌ల వెంకటి అన్నడు, మీ చిన్నికి లాబ్‌ల లేజర్ కంట్ల కొట్టిందట గద మామా అని. ఎవరు చెప్పిన్రురా అంటే వాట్సాప్‌ల ఎవరో అన్నరంటడు. వాని మాట ఎవరు నమ్ముతరు, ప్లాటు సంగతి నీకు తెల్సు గద. నేనైతే నమ్మలే. మీ అమ్మ ఆ పూట అన్నం తినలే.

ఆమెకు నేనే సమజ్ చేసిన. అమెరికాల రాచెస్టర్‌ల నువ్వు పనిచేసే ఒమేగా లేజర్ అంటే 60 బీమ్‌లు, అన్ని కలిసి ఇంధనం నింపిన ఆవగింజంత గుండు మీద ఒక్కసారే కొడతయి, దాన్ని నొక్కి సూర్యునిల లెక్క ఫ్యూజన్ చేద్దామని, ఆ కొట్టుడునే షాట్ అంటరు, షాట్ పడేటప్పుడు లోపల మనుషులుండరు, అందరు కంట్రోల్ రూంలనే అని. అంత ఇని, మరి షాట్ లేనప్పుడో? అన్నది. ఏం చెప్పాలె? బీమ్‌లను సక్కగ గురి పెట్టేటప్పుడే, అదే అలైన్‌మెంట్, పైలంగ ఉండాలె బాపూ అని నువ్వే ఒకసారి అంటివి.

గుండు మీద పడేది 351 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ అంటివి, కంటికి కనబడనిది. నాకు ఆ కనబడనిదానితోనే భయం. 1986ల బాలానగర్‌ల ఒక షెడ్‌ల హెల్పర్‌గ చేరిన, షీల్డ్ ఒక్కటే ఉండె, అది వెల్డర్‌కు. నేను ఇనుము పట్టుకొని మొకం తిప్పుకోవాలె, గాని ఆ వెల్డింగ్ మెరుపు చూడబుద్ధి అయితుండె, చూసిన. అండ్ల గూడ గా అల్ట్రావయొలెట్టే ఉంటది. సాయంత్రం ఏం కాలే, మంచిగ బువ్వ తిని పన్నా. రాత్రి రెండింటికి లేస్తే కండ్లల్ల ఇసుకల కారం కలిపి పోసినట్టు. మీ నాయనమ్మ ఆలుగడ్డ ముక్కలు కోసి పెట్టింది, తగ్గలే, ఇగ పక్కింటి యాదమ్మ బాలెంత ఉండె, మీ నాయనమ్మ గిన్నె పట్టుకొని ఆమె కాడికి ఉరికింది. చనుబాలు రెండు చుక్కలు ఏసిన్రు. పాలతో తగ్గిందో దానంతటదే తగ్గిందో రెండు దినాలకు మంచిగైంది, షెడ్ ఓనర్ మాత్రం ఆ రెండు దినాల కూలి కోసుకున్నడు. యాదమ్మ ఇప్పటికి ఎదురైతే, నా కొడుకు పాలల్ల నీకు వాటా ఉంది అని నవ్వుతది. నువ్వట్ల చెయ్యకు, ఏమైనా అయితే సీదా డాక్టర్ దగ్గరికి పో.

నీ పని నాకు ఇట్ల సమజ్ అయింది, తప్పైతే చెప్పు. గుండు పైపొర ప్లాస్మా అయితది, అంటే మస్తు వేడికి ఎలక్ట్రాన్లు ఊడిన గ్యాస్, ఆ ప్లాస్మాల అలలు లేచి లేజర్‌ను కొంత ఎనక్కే కొడతయి, మనం ఊరికి పంపిన పైసలు మీ చిన్నాయన చేతిల పడ్డట్టు. దానికి మన రామన్ సారు పేరు పెట్టిన్రని ఇంటే నాకెంత సంబురమైందో. మల్ల వేడి ఎలక్ట్రాన్లు ముందుగాల్నే లోపలికి ఉరికి ఇంధనాన్ని వేడి చేస్తయి, వేడెక్కినంక ఎంత నొక్కినా నొక్కుకుపోదు. కాలిఫోర్నియాల ఇసొంటి లాబ్‌లనే 2022 డిసెంబర్ 5న లేజర్‌తోని 2.05 మెగాజౌళ్ళు కొడితే ఫ్యూజన్‌తోని 3.15 వచ్చిందని పేపర్ల చూసి నేను లడ్డూలు పంచితి, నువ్వేమో ఆ లేజర్ నడపనీకే కరెంటు 300 మెగాజౌళ్ళ దాక పట్టింది బాపూ అంటివి. మీకాడ గంటకొక షాట్, కరెంటు ప్లాంటుకు సెకనుకు పది పడాలె. ఇంకా శాన దూరముంది, తొందరపడి అద్దాలు లేకుండ లోపలికి పోకు. ఏ వేవ్‌లెంత్‌కు ఏ గాగుల్స్ అని దాని మీదనే రాసుంటదట, సదివి పెట్టుకో, పక్కోనివి తీస్కోకు. ఉంగరం, గాజులు, అమ్మమ్మ ఇచ్చిన వాచీ తీసి పో, మెరిసేటియి ఏవొద్దు. లెక్చర్ ఇస్తున్న అనుకోకు. జుట్టు గూడ కట్టుకో.

గోంగూర తొక్కు పార్సిల్ పంపిన. అండ్ల ఆలుగడ్డలు గూడ పెడతనన్నది మీ అమ్మ, నేనే వద్దన్న.

వీడియో కాల్ చెయ్యి. లైటు ఏసుకొని, అద్దాలు తీసి, మొకం దగ్గరగ పెట్టు. మాట్లాడకున్నా పర్వాలేదు. మాకు రాత్రైతది అని చూడకు, నేను మెలకువతోనే ఉంటున్న.

మీ బాపు