పెద్ద చెట్టును ఎంతవరకు కొట్టాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

మృగశిర కార్తె దగ్గరపడిందంటే హనుమకొండ, కాజీపేట కాలనీల్లో ఇళ్ల ముందున్న పెద్ద చెట్ల కొమ్మలు కొట్టించే పని జోరందుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ పని మీదే బతుకుతున్నవాడిగా, పని చెప్పే ఇంటివారితోనూ, గొడ్డలి పట్టే నా తోటివారితోనూ ఒక మాట చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

“పైసలు ఇస్తున్నం గద బిడ్డా, మళ్ల మూడేండ్ల దాక చూసే పని లేకుంట మొత్తం కొట్టు” అని ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు అంటారు. గాలిదుమారానికి కొమ్మ విరిగి రేకుల మీద పడుతుందేమోనన్న వారి భయం న్యాయమైనదే. పైగా మా కూలిని చాలామంది ట్రాలీల లెక్కన మాట్లాడుకుంటారు కాబట్టి, ట్రాలీ నిండితేనే డబ్బుకు తగిన పని జరిగినట్టు ఇంటివారికీ, మాకూ అనిపిస్తుంది. చెట్టుకు అసలు కీడు ఈ లెక్కలోనే ఉందని నా అభిప్రాయం.

ఎదిగిన చెట్టు పచ్చదనంలో ఒక విడతకు నాలుగో వంతుకు మించి తీయకూడదు. ముసలి చెట్టైతే పదో వంతు దగ్గరే ఆగడం మేలు. ఆకు పోతే చెట్టుకు తిండి పోయినట్టే. తల నరికిన చెట్టు కాండంలో, వేళ్లలో దాచుకున్న సత్తువనంతా ఖర్చుపెట్టి హడావుడిగా పిలకలు వేస్తుంది. మామూలు కొమ్మ ఏటేటా కాండంతో పాటే పొరలు పొరలుగా అల్లుకుంటూ లావెక్కుతుంది. ఈ పిలకలు మాత్రం బెరడు కింది నుంచి పైపైనే పుట్టుకొస్తాయి కనుక వాటికి ఆ పట్టు ఉండదు.

నయీంనగర్‌లో ఒక ఇంటి వేపచెట్టును, పెద్దావిడ మాట కాదనలేక, నేనే తల నరికి మోడు చేశాను. ఆ ఏడే గుబురుగా చిగురిస్తే మేమిద్దరమూ సంతోషించాం. మూడో ఏట వచ్చిన గాలివానకు మణికట్టు కంటే లావైన పిలక ఒకటి మొదలంటా ఊడి ప్రహరీ మీద పడింది. ఊడిన చోట వేలు పెడితే లోపలి కర్ర పుచ్చి పొడిపొడిగా రాలింది. ఏ ప్రమాదానికి భయపడి నన్ను పిలిచారో, దాన్ని నా చేతులతో నేనే తెచ్చిపెట్టానన్న బాధ ఇప్పటికీ ఉంది.

మన చర్మంపై గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను కోసి చూసి, దెబ్బతిన్న భాగం చుట్టూ గోడ కట్టినట్టు చెట్టు దాన్ని వేరు చేసుకుంటుందే తప్ప పాత కర్రను బాగుచేసుకోలేదని 1970లలో వివరించారు. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉండే భాగం ఆ గోడ కట్టడానికి ఆయువుపట్టు. దాన్ని కోయకుండా, దాని బయట మొండి ముక్క మిగల్చకుండా, సరిగ్గా అంచునే కోయాలి. బరువైన కొమ్మను ఒకే కోతతో దించితే బెరడు కాండం మీదికి చీలుకుపోతుంది కాబట్టి, మొదలుకు జానెడు పైగా దూరంలో ముందు కింది నుంచి కొంత కోసి, ఆ తరువాత పై నుంచి కోసి బరువు దించి, చివరికి ఉంగరం దగ్గర కోయాలి. కోత మీద తారు పూయడం వల్ల పుచ్చు ఆగదు.

మామిడి సంగతి వేరు. ముదిరిన రెమ్మల చివర్లలోనే పూత వస్తుంది కాబట్టి, కాయ కోసిన వెంటనే జూన్, జూలైలలో లోపలి గుబురును పలుచన చేస్తే కొత్త రెమ్మలు చలికాలానికి ముదురుతాయి. కార్తీకంలో కొట్టించి, పూత రాలేదని బాధపడినవారిని ఎందరినో చూశాను.

2021లో మన జిల్లాల్లో వేపచెట్ల చివర్లు ఎండిపోయినప్పుడు, చచ్చిపోయాయనుకొని మొదలు దాకా కొట్టించినవారూ ఉన్నారు. ఆగి చూసినవారి చెట్లు చాలావరకు తరువాత చిగురించాయి. చెట్టునే తీసేయదలచితే నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్నదీ, కరెంటు తీగలు తగిలే చోట సరఫరా ఆపించకుండా ఎవరినీ ఎక్కించకూడదన్నదీ తెలిసిన విషయాలే.

ఇంటివారికి నా విన్నపం ఒకటే. ట్రాలీ లెక్క మాని రోజు కూలి మాట్లాడండి. రంపం పెట్టకముందే మాతో పాటు చెట్టు కింద నిలబడి, ఎండినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి, ఇంటి కప్పు మీదికి వాలినవి చూపించి సుద్దతో గుర్తు పెట్టించండి. మిగిలిన పనికి రెండేళ్ల తరువాత మళ్లీ పిలవండి. నా తోటివారు కూడా “మొత్తం కొట్టు” అన్న గిరాకీని వదులుకోవలసి వస్తే వదులుకోవాలని కోరుతున్నాను; నేను మూడేళ్లుగా వదులుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక తోటపనివాడు, హనుమకొండ